ఎండని చేప, ఏడ్చిన బిడ్డ: పసిపిల్లల క్యాన్సర్ చికిత్సా దినాల భాషపై ఒక విమర్శ

వ్యాస సంగ్రహం

పసిపిల్లలకు వచ్చే రక్త క్యాన్సర్‌కు చికిత్స రెండేళ్ళకు పైగా సాగుతుంది. అన్నాళ్ళూ బిడ్డతో ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి అన్నది వైద్యులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. అది భాషకూ కథనానికీ చెందిన ప్రశ్న. రోగంలో ఉన్న బిడ్డతో తెలుగు కుటుంబం మాట్లాడే తీరులో బెదిరింపు, బుజ్జగింపు, దాపరికం అనే మూడు పద్ధతులు ప్రధానంగా కనిపిస్తాయి. ఈ మూడింటి పరిమితులను చర్చించి, ఏడు చేపల కథ నిర్మాణంలో నాలుగవ పద్ధతి ఒకటి ఉన్నదని, అయితే ఆ కథ ముగింపును విమర్శ లేకుండా స్వీకరించరాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గొలుసు కథ, చికిత్సా దినాలు, దాపరికం, ఉత్తరాంధ్ర మాండలికం, కళింగపట్నం.

1. ఉపోద్ఘాతం

వంశధార సముద్రంలో కలిసే చోట, శ్రీకాకుళం జిల్లా గార మండలంలో ఉన్న పాత రేవు కళింగపట్నం. ఒకప్పటి ఓడల రాకపోకలు ఆగిపోయినా, దీపస్తంభం, ఇసుకతిన్నెలు, చేపలవేట ఈ ఊరికి గుర్తులుగా మిగిలాయి. వలలో పడ్డ చేపల్లో పచ్చివిగా అమ్మగా మిగిలినవి ఇసుక మీద ఎండుతాయి. తెలుగు పిల్లలు దాదాపు అందరూ విన్న ఏడు చేపల కథలోని తొలి సంఘటన ఈ తీరవాసులకు నిత్యకృత్యం.

ఇలాంటి ఊరిలో నాలుగేళ్ళ బిడ్డకు రక్త క్యాన్సర్ అని తేలితే, ఆ కుటుంబం బస్సులో శ్రీకాకుళం చేరి, అక్కడి నుండి జాతీయ రహదారి మీదుగా విశాఖపట్నం దారి పట్టవలసి ఉంటుంది. టాటా మెమోరియల్ కేంద్రానికి అనుబంధమైన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ శివారు అగనంపూడిలో ఉంది. ఒక వైపు ప్రయాణమే 120 కిలోమీటర్లకు మించినది. చికిత్స ఖర్చు విషయంలో 2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తొలి దశలో చేర్చిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. అంటే ఖర్చు సంగతిని పాలనా వ్యవస్థ ఎంతో కొంత పట్టించుకున్నది. దారిపొడుగునా, పడక పక్కన, మందు ఎక్కుతున్న గంటలలో బిడ్డ అడిగే ప్రశ్నలకు జవాబు మాత్రం ఏ పథకంలోనూ ఉండదు. అది తల్లి నోటి నుండి రావాలి. తల్లి దానిని తనకు తెలిసిన భాషలో నుండే తెచ్చుకోవాలి. ఆ భాషలో ఏమున్నదని అడగడం సాహిత్య విమర్శ పని.

2. పేరులోనే చిక్కు

క్యాన్సర్‌కు తెలుగులో పాత పేర్లు ఉన్నాయి. రాచపుండు, పుట్టకురుపు అన్నవి నేటికీ పత్రికలలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. రెండూ కంటికి కనిపించే వ్రణాన్ని చెప్పే మాటలు. పసిపిల్లలలో అన్ని క్యాన్సర్ల కంటె ఎక్కువగా కనిపించే లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియాకు పుండు లేదు, కురుపు లేదు. అది ఎముకల మూలుగలో పుట్టి రక్తంలో తిరుగుతుంది. బిడ్డ పాలిపోవడం, విడవని జ్వరం, కాళ్ళనొప్పులు, ఒంటిమీద కమిలిన మచ్చలు మాత్రమే పైకి తెలుస్తాయి. కాబట్టి పాత పేరుతో రోగాన్ని వెతికే కుటుంబానికి రోగం కనిపించదు. కొత్త పేరు ‘బ్లడ్ క్యాన్సర్’ వినగానే కనిపించేది రోగం కాదు, చావు.

ఆ కొత్త పేరుకు చావు అర్థం ఎలా స్థిరపడిందో తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. తెలుగు జనసామాన్యానికి క్యాన్సర్ అనే మాటను ఇంటింటికీ చేర్చినది వైద్యగ్రంథం కాదు, సినిమా. ‘ప్రేమాభిషేకం’ (1981)లో నాయకుడు తన క్యాన్సర్‌ను దాచిపెట్టి, ప్రియురాలు తనను అసహ్యించుకునేలా నటిస్తాడు. ‘మాతృదేవోభవ’ (1993)లో రక్త క్యాన్సర్ సోకిన తల్లి తాను పోయేలోగా పిల్లలను ఇతరుల ఇళ్ళకు అప్పగిస్తుంది. ఈ కథలలో రోగం రెండు పనులు చేస్తుంది: ముగింపును ముందే ఖాయం చేస్తుంది, రహస్యాన్ని త్యాగంగా మారుస్తుంది. చికిత్సకు వీటి కథనంలో చోటు లేదు. ఉన్నా అది నిష్ఫల ప్రయత్నంగా ఒకటి రెండు దృశ్యాలలో ముగుస్తుంది.

వాస్తవం దీనికి దూరంగా ఉంది. సంపన్న దేశాలలో క్యాన్సర్ సోకిన పిల్లలలో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2018లో ఆ సంస్థ చేపట్టిన అంతర్జాతీయ కార్యక్రమం లక్ష్యం, 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది పిల్లలు బతకాలని. వెనుకబడిన దేశాలలో ఈ లక్ష్యానికి ఎదురయ్యే అడ్డంకులలో చికిత్సను మధ్యలో మానివేయడం ఒకటి. మానివేతకు పేదరికం, దూరం ప్రధాన కారణాలన్నది నిజమే. అయితే కథనం కూడా ఒక కారణమని గుర్తించాలి. చావు ఖాయమని నమ్మినవారు మొదటే ఆగిపోవచ్చు. చికిత్స మొదలైన సుమారు నెల రోజులకు, రక్తంలో రోగలక్షణం కనుమరుగై బిడ్డ ఆడుకుంటున్నప్పుడు, జబ్బు నయమైపోయిందని నమ్మినవారు అక్కడ ఆగిపోవచ్చు. ఈ రెండు నమ్మకాలూ కథకు ఒకే ముగింపు ఉంటుందనే అలవాటు నుండి పుట్టినవే. ఆ తరువాత మరో రెండేళ్ళు మందు ఎందుకు మింగాలో చెప్పే కథ ఆ కుటుంబం చేతిలో లేదు.

3. దాపరికం, బెదిరింపు, బుజ్జగింపు

బిడ్డకు చెప్పకపోవడమే దయ అనే భావన తెలుగునాట బలమైనది. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో మూడు నుండి తొమ్మిదేళ్ళ వయసు గల ల్యుకీమియా పిల్లల మధ్య గడిపి, మానవశాస్త్రజ్ఞురాలు మైరా బ్లూబాండ్-లాంగ్నర్ 1978లో వెలువరించిన ‘ది ప్రైవేట్ వరల్డ్స్ ఆఫ్ డైయింగ్ చిల్డ్రన్’ ఈ భావనను తలకిందులు చేసింది. పెద్దలు ఎవరూ చెప్పకపోయినా పిల్లలకు తమ స్థితి తెలుసు. తెలిసినట్టు చూపితే పెద్దలు దూరమవుతారని కూడా వారికి తెలుసు. అందుకే తెలియనట్టు నటిస్తారు. దాపరికం బిడ్డను భయం నుండి కాపాడదు. ఆ భయాన్ని బిడ్డ ఒంటరిగా మోసేలా చేస్తుంది.

తెలుగు కథకు ఈ సంగతి కొత్త కాదు. విజయనగరం కథకుడు చాగంటి సోమయాజులు ‘ఎందుకు పారేస్తాను, నాన్నా!’లో ఇంటి ఇబ్బంది వల్ల బడి మానవలసివచ్చిన బాలుణ్ణి చిత్రించారు. తండ్రి నోట పూర్తిగా రాని మాటలు కూడా ఆ బాలుడికి అర్థమవుతాయి. ఆయన మరో కథ ‘వాయులీనం’లో రోగం చావు దగ్గర ముగియదు, భార్య కోలుకోవడానికి ఇంట్లోని వాయులీనం అమ్ముడుపోతుంది. కోలుకోవడానికి కూడా ఒక ఇల్లు ఎంత చెల్లించాలో చెప్పిన కథ అది. ఉత్తరాంధ్ర కథాసంప్రదాయంలో, సినిమా మరణకథనానికి ప్రత్యామ్నాయంగా, రోగాన్ని ఇంటి నిత్యజీవితంలో నిలిపి చూసే దృష్టి ముందునుండే ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

రెండవ పద్ధతి బెదిరింపు. అల్లరి చేస్తే సూది వేయిస్తానని చెప్పడం తెలుగు ఇళ్ళలో అతి సాధారణం. అన్నం తినకపోతే డాక్టరు దగ్గరకు తీసుకుపోతానన్నదీ అంతే. ఈ మాటలలో సూది మందు కాదు, శిక్ష. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ విషయంలో ఇది నవ్వి ఊరుకోదగినదే. కాని నిజంగా సూదులమయమైన రెండేళ్ళు ఎదురైనప్పుడు, ఆ బిడ్డకు ముందే నేర్పిన అర్థం ఒకటే: తాను ఏదో తప్పు చేసింది. చిన్నపిల్లలు రోగాన్ని తమ తప్పుకు ఫలితంగా భావించడం సహజమని బాలల మనస్తత్వశాస్త్రం గుర్తించింది. తెలుగు ఇంటి బెదిరింపు ఆ భావనకు ఊతమిస్తుంది.

మూడవది బుజ్జగింపు. సూది వేసే ముందు వైద్యసిబ్బంది గాని, తల్లి గాని చెప్పే మాట చీమ కుట్టినట్టు ఉంటుందని. ఉత్తరాంధ్ర తల్లి నోట అది ‘సీమ కుట్టినట్టుంటాది’. వేలి నుండి రక్తపు చుక్క తీసేటప్పుడు ఈ పోలిక కొంతవరకు నిజం. నరంలో కాన్యులా అమర్చేటప్పుడు, వెన్నుపూసల మధ్య నుండి మందు ఎక్కించేటప్పుడు, మూలుగ పరీక్షకు తీసుకువెళ్ళేటప్పుడు అది అబద్ధం. ఒక్కరోజు చికిత్సకైతే ఆ అబద్ధం సరిపోతుంది. చికిత్స రెండేళ్ళు సాగినప్పుడు, మొదటి వారంలో చెప్పిన అబద్ధానికి మూల్యం రెండవ వారం నుండి చెల్లించవలసి వస్తుంది. తల్లి మాట మీద నమ్మకం పోయిన బిడ్డకు ప్రతి తలుపూ సూది గది తలుపే.

4. గొలుసు కథ నిర్మాణం

ఏడు చేపల కథ జానపద కథాశాస్త్రంలో గొలుసు కథల కోవకు చెందుతుంది. రాజు కొడుకులు ఏడుగురు ఏడు చేపలు తెస్తారు. ఆరు ఎండుతాయి, ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదని చేపను అడిగితే అది గడ్డిమోపును చూపుతుంది. గడ్డిమోపు ఆవును, ఆవు కాపరిని, కాపరి అన్నం పెట్టని తల్లిని, తల్లి ఏడ్చిన బిడ్డను, బిడ్డ కుట్టిన చీమను చూపుతారు. చివరకు చీమ తన పుట్టలో వేలు పెట్టినందుకు కుట్టానంటుంది. ప్రాంతాన్ని బట్టి అన్నం పెట్టేది తల్లో అవ్వో అవుతుంది, గొలుసు మారదు.

చికిత్సా దినాల దృష్టితో చూస్తే ఈ నిర్మాణంలో మూడు అంశాలు గమనింపదగినవి.

మొదటిది, కథకు చోదకశక్తి ఆపద కాదు, ప్రశ్న. ఆరు చేపలు ఎండాయన్న సంతోషం దగ్గర కథ ఆగదు. ఎండనిది ఒకటి మిగిలిందన్న గమనింపుతోనే మొదలవుతుంది. ల్యుకీమియా చికిత్సలో కుటుంబానికి అందని తర్కం సరిగ్గా ఇదే. మొదటి నెల మందులతో కంటికి, సాధారణ పరీక్షకు రోగం కనిపించకుండా పోయినా, కనిపించని రోగకణాలు మిగిలి ఉంటాయి. వాటికోసమే తరువాతి దశలు. ‘బాగానే ఉంది కదా, మళ్ళీ ఎందుకు?’ అన్న ప్రశ్నకు ‘ఇంకొకటి ఎండలేదు’ అన్న జవాబు నాలుగేళ్ళ బిడ్డకూ అందుతుంది, అరవై ఏళ్ళ అవ్వకూ అందుతుంది.

రెండవది, ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంది. ఎవరూ అడిగినవారిని కసరరు, మాట దాటవేయరు. ఒక జవాబు మరో ప్రశ్నకు దారితీస్తుంది. మూడు నాలుగేళ్ళ పిల్లల ‘ఎందుకు?’ల వరుస నడిచేది ఈ క్రమంలోనే. అందుకే ఈ కథ ఆ వయసుకు అంత ఇష్టం.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. కథలో బిడ్డ ఏడ్చిందని తల్లి చెప్పగానే అడిగేవారు అక్కడితో తృప్తిపడరు. బిడ్డ దగ్గరకు వెళ్ళి, ఎందుకు ఏడ్చావని బిడ్డనే అడుగుతారు. బిడ్డ తన నోటితో తన నొప్పికి కారణం చెబుతుంది. ఆ జవాబును ఎవరూ తోసిపుచ్చరు. దానిని పట్టుకునే చీమ దగ్గరకు వెళతారు. రాజకుమారుల నుండి చీమ వరకు సాగిన విచారణలో బిడ్డకు ఒక వంతు మాట దక్కింది. సాధారణంగా ఆసుపత్రి సంభాషణలో ప్రశ్న బిడ్డ తల మీదుగా తల్లికి చేరుతుంది, జవాబు తల మీదుగానే తిరిగి వెళుతుంది. జానపద కథ బిడ్డకు ఇచ్చిన ఆ వంతును ఆధునిక సంభాషణ ఇవ్వడం లేదు.

5. ముగింపులోని నేరం

ఇంతవరకు వచ్చి కథను మెచ్చుకుని ఊరుకుంటే విమర్శ సగంలో ఆగినట్టే. ఈ గొలుసు ఒక కారణాల వరుస మాత్రమే కాదు, తప్పును ఒకరి మీద నుండి ఒకరి మీదకు నెట్టే వరుస కూడా. చీమ సమాధానంలో ఆ తప్పు చివరకు పుట్టలో వేలు పెట్టిన బిడ్డ మీదకే వచ్చి నిలుస్తుంది. ఆరోగ్యవంతుడైన పిల్లవాడికి ఇది నవ్వు తెప్పించే నీతి. క్యాన్సర్ పడకపై ఉన్న బిడ్డకు ఇదే ముగింపు ‘నా వల్లనే’ అన్న నిర్ధారణ కాగలదు. తల్లి కూడా ఇదే గొలుసులో చిక్కుకుంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నానో, ఎవరి దిష్టి తగిలిందో, ఏ మొక్కు మరిచానో అని ఆమె తనలో తాను సాగించే విచారణకు నమూనా ఈ వరుసే.

వైద్యం చెప్పేది వేరు. పసిపిల్లల ల్యుకీమియా తల్లిదండ్రులు గాని, బిడ్డ గాని చేసిన పనివల్ల వచ్చేది కాదు. ఒకరి నుండి ఒకరికి అంటుకునేది కాదు. కాబట్టి ఈ సందర్భంలో కథ చెప్పేవారు గొలుసును ఉంచుకుని కొసను మార్చవలసి ఉంటుంది. నోటి కథకు ఆ స్వేచ్ఛ ఎప్పుడూ ఉన్నదే. పాఠభేదమే దాని ఉనికి. చీమ ఎందుకు కుట్టిందో చీమకే తెలియదని, బిడ్డ ఏ పుట్టలోనూ వేలు పెట్టలేదని చెప్పే పాఠం కథకు ద్రోహం చేయదు. పైగా తెలియనిదాన్ని తెలియదని చెప్పే ధైర్యాన్ని గొలుసుకు చేరుస్తుంది.

రోగాన్ని ఉపమానాలలో బంధించడం రోగికి హాని అని సుజాన్ సాంటాగ్ ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ (1978)లో హెచ్చరించారు. తెలుగు పత్రికలకు అలవాటైన ‘క్యాన్సర్‌పై పోరాటం’, ‘క్యాన్సర్‌ను జయించిన చిన్నారి’ వంటి శీర్షికలకు ఆ హెచ్చరిక నేరుగా వర్తిస్తుంది. జయం బిడ్డదైతే, మందు పని చేయని చోట ఓటమి కూడా బిడ్డదే అవుతుంది. మరి ఎండని చేప ఉపమానం కాదా అన్న ఆక్షేపణకు సమాధానం ఉంది. చేప ఎండడం యుద్ధం కాదు. అందులో వీరుడు లేడు, శత్రువు లేడు. ఎండ, గాలి, రోజులు, తిరగవేసే చేతులు మాత్రమే ఉన్నాయి. కళింగపట్నం బిడ్డకు ఇది అలంకారం కూడా కాదు, చూసిన పని. అయినా ఇక్కడ ప్రధానంగా తీసుకోవలసినది ఉపమానాన్ని కాదు, అడిగి జవాబు పొందే క్రమాన్ని.

6. దినాల భాష

చికిత్సా దినాలలో మాట తేడా ప్రాణం మీదకు వచ్చే సందర్భాలు ఉన్నాయి. చివరి, సుదీర్ఘ దశలో సాధారణంగా ఒక మాత్ర రోజూ, మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారి మింగాలి. వారపు మాత్రను రోజూ మింగిస్తే విషమవుతుంది. ఉత్తరాంధ్ర ఇళ్ళలో గురువారాన్ని లక్ష్మివారం అంటారు. ‘వారానికొకసారి’ అన్న సూచన కంటె ‘లక్ష్మివారం మాత్ర’ అన్న పేరు పొరపాటుకు తావివ్వదు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల రూపొందించిన ఫోలిక్ ఆమ్ల వ్యతిరేక ఔషధాల కుటుంబానికి చెందినదే ఈ మాత్ర. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకీమియా పిల్లలకు తొలి ఉపశమనం కలిగించినట్టు 1948లో ప్రకటించారు. అదే ఏడాది సుబ్బారావు కన్నుమూశారు. ఆ ఉపశమనాలు కొద్దికాలమే నిలిచాయి. అనేక మందులను కలిపి ఏళ్ళ తరబడి ఇవ్వడం నేర్చుకున్న తరువాతనే అవి స్వస్థతలుగా మారాయి. చికిత్స ఎందుకింత పొడుగో చెప్పే చరిత్రకు తెలుగు ముడి ఒకటి ఉన్నా, అది జీవితచరిత్రల ప్రశంసలలోనే ఉండిపోయింది. బిడ్డకు చెప్పే కథలోకి రాలేదు.

‘వేడి చేసింది’ అన్న పలుకుబడి మరొకటి. తెలుగు ఇంట్లో దానికి మందు మజ్జిగ, కొబ్బరినీళ్ళు. చికిత్సలో తెల్లకణాలు పడిపోయిన బిడ్డకు ఒళ్ళు వెచ్చబడితే అది గంటలలో ప్రాణాంతకం కాగల ఇన్‌ఫెక్షన్‌కు గుర్తు కావచ్చు. 38 డిగ్రీల సెంటీగ్రేడ్, అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపితే వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. 120 కిలోమీటర్ల అవతల ఉన్నవారికి ‘వేడి’కీ ‘జ్వరా’నికీ మధ్య తేడా అలంకారశాస్త్ర విషయం కాదు.

‘మొండి’, ‘పెంకి’ అన్న విశేషణాలు ఇంకొకటి. స్టెరాయిడ్ మందు వాడే వారాలలో బిడ్డ అర్ధరాత్రి ఆకలి అంటుంది, ఉత్తినే ఏడుస్తుంది, కసురుతుంది. అది స్వభావం కాదు, మందు గుణం. ఆ సంగతి తల్లికి ముందే చెబితే బిడ్డకు దెబ్బ తప్పుతుంది. జుట్టు రాలడం విషయంలో మాత్రం తెలుగు సంస్కృతి బిడ్డకు మేలే చేస్తుంది. తలనీలాలు ఇచ్చే ఆచారం వల్ల ఇక్కడ బోడిగుండు సిగ్గు కాదు.

పెరటి బిళ్ళగన్నేరు మరొక ఆధారం. చికిత్సలో కీలకమైన విన్‌క్రిస్టిన్ ఆ మొక్క నుండే వస్తుంది. తనకు ఎక్కే మందు తాను రోజూ చూసే పువ్వు చెట్టుదని తెలియడం బిడ్డకు నిజమైన ఓదార్పు. ఆ మొక్క ఆకులు విషతుల్యమని, ఇంట్లో పిండి తాగించరాదని కూడా ఆ మాటతోపాటే పెద్దలకు చెప్పాలి.

తీరప్రాంత జీవితం ఈ భాషకు మరో కొలత నిస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం. చికిత్సకు అలాంటి విరామం లేదు. ఈ జిల్లా మత్స్యకారులు ఏడాదిలో చాలా నెలలు గుజరాత్‌లోని వెరావల్ రేవుకు వలస పోతారు. తండ్రి అక్కడ ఉంటే పడక పక్కన తల్లి ఒక్కతే. ఆమె చెప్పగలిగిన నిజం చిన్నది: ‘నొప్పెడతాది. పది లెక్కెట్టేలోగా అయిపోతాది. నాను నీ సెయ్యి ఒగ్గను.’ ఈ మూడు వాక్యాలలో ఒకటి జరగబోయేదాన్ని, ఒకటి దాని హద్దును, ఒకటి తోడును చెబుతాయి. చీమ పోలిక ఇచ్చే తేలికదనం వీటిలో లేదు. మరునాడు కూడా నిలిచే విలువ ఉంది.

7. ఉపసంహారం

రోగంలో ఉన్న బిడ్డతో మాట్లాడే భాషను తెలుగు విమర్శ ఇంతవరకు తన పరిధిలోనిదిగా తగినంతగా తలచలేదు. మరణకథనం వెండితెర మీద వర్ధిల్లింది. దినచర్యా కథనం ఆసుపత్రి వరండాలలో ఎవరూ రాసుకోకుండా జరిగిపోతున్నది. కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం వంటి భాండాగారంలో రోగం, కోలుకోవడం ఇతివృత్తంగా గల కథలను వేరు చేసి చదవడం, కళింగపట్నం మొదలైన తీరగ్రామాలలో ఏడు చేపల కథకు ఉన్న పాఠభేదాలను, ముఖ్యంగా బిడ్డ, చీమ ఇచ్చే సమాధానాలను సేకరించడం పరిశోధకులు చేపట్టదగిన పనులు. రోగిసూచనల కరపత్రాలను మాండలిక దృష్టితో సరిచూడడం కూడా తెలుగు శాఖల పనే.

అయితే పరిశోధన పూర్తయ్యేదాకా చికిత్స ఆగదు. నేడు అగనంపూడి దారిలో బస్సులో తల్లి ఒడిలో ఉన్న బిడ్డ మళ్ళీ ఎందుకు వెళుతున్నామని అడిగితే, ఆమెకు అప్పటికే తెలిసిన కథలోనే జవాబు మొదలుపెట్టే వీలుంది. ఆ కథలో ఆమె మార్చవలసినది కొస ఒక్కటే: ఈ చీమ ఎందుకు కుట్టిందో ఎవరికీ తెలియదు, బిడ్డ తప్పు ఏమీ లేదు. మిగిలినదంతా, ఎండని చేప ఒకటి ఇంకా ఉన్నదన్నదీ, అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు ఉంటుందన్నదీ, ఎందుకు ఏడ్చావని బిడ్డనే అడగాలన్నదీ, ఆ కథలో ఉన్నవే.